డాక్టరు వెళ్తే పైచదువు, నర్సు వెళ్తే ద్రోహం

ప్రతి సంవత్సరం మే 12న నర్సింగ్ స్కూళ్ళలో దీపాలు వెలిగిస్తారు. తెల్ల యూనిఫాం వేసుకున్న పద్దెనిమిదేళ్ళ పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని వరసగా నిలబడి నైటింగేల్ ప్రతిజ్ఞ చేస్తారు. తర్వాత ముఖ్య అతిథి లేస్తాడు. ఎక్కువసార్లు ఒక మగ అధికారి, లేకపోతే ఒక మగ డాక్టరు. నర్సంటే అమ్మ తర్వాత అమ్మ అంటాడు. ఇది ఉద్యోగం కాదు, సేవ అంటాడు. ఆ ‘కాదు’ దగ్గరే నాకు పేచీ. ఉద్యోగం కాకపోతే జీతం పెంచమని అడగటానికి వీల్లేదు. ఉద్యోగం కాకపోతే రాజీనామా చెయ్యటానికీ వీల్లేదు. అమ్మ ఎక్కడైనా రాజీనామా చేస్తుందా?

ఆ దీపం పట్టుకున్నావిడ సంగతి కాస్త చూద్దాం. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1853లో లండన్‌లో ఒక చిన్న ఆసుపత్రి బాధ్యత తీసుకుంది. 1854లో క్రిమియా యుద్ధానికి వెళ్ళింది, 1856లో తిరిగొచ్చింది. ఉద్యోగంగా రోగుల మంచాల మధ్య ఆవిడ గడిపింది మొత్తం మీద సుమారు మూడేళ్ళు. ఆ తర్వాత 1910 దాకా బతికింది. ఆ యాభై నాలుగేళ్ళూ ఆవిడ చేసింది రాత పని, లెక్కల పని, ప్రభుత్వాలతో పోట్లాడే పని. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం దొరికిన మొదటి స్త్రీ ఆవిడే. ఎన్నడూ అడుగుపెట్టని మన దేశపు పారిశుద్ధ్యం గురించి, కరువుల గురించి, నీటిపారుదల గురించి పుంఖానుపుంఖాలుగా రాసింది. మన గోదావరి కాటన్ దొరతో ఉత్తరాలు నడిపింది. ఆవిడ పేరు మీద 1860లో నర్సింగ్ స్కూలు వచ్చిన మాట నిజమే, రోజూ దాన్ని నడిపింది మాత్రం వేరేవాళ్ళు. అనారోగ్యం ఒక కారణం, కాదనను. కానీ ఆవిడ నర్సు పని మానేసి మరో పనిలోకి వెళ్ళిన మనిషి! ఇక ఆ ప్రతిజ్ఞ అంటారా, దాన్ని 1893లో అమెరికాలో డెట్రాయిట్‌లో ఇంకెవరో రాసి ఆవిడ పేరు పెట్టారు. పవిత్రంగా బతుకుతానని పద్దెనిమిదేళ్ళ పిల్లల చేత పలికించే మాట ఆవిడ అన్నది కాదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అరకు కొండల మీద నాకు తెలిసిన ఒకామె ఏఎన్ఎం ఉద్యోగం మానేసింది. ఆ వార్త విన్న చదువుకున్నవాళ్ళలో, అందులోనూ మన ఆడవాళ్ళలో, ఒక్కరు కూడా ‘ఎందుకు?’ అని అడగలేదు. ‘అయ్యో, ఇప్పుడు అక్కడివాళ్ళకి ఎవరు దిక్కు?’ అన్నారు. ఆ ప్రశ్న మంచిదే. కానీ దాన్ని ఆమె నెత్తిన పెట్టటమే అన్యాయం.

ఆమె నేపథ్యం క్లుప్తంగా: ఇంటర్‌లో వొకేషనల్ కోర్సు, ఎంపీహెచ్‌డబ్ల్యూ. ఆ కోర్సు ఆమె ఎంచుకుందని చెప్పలేను. హాస్టల్లో ఉన్న ఆడపిల్లలకి ఆ ఏడాది రెండు దారులు చూపించారు, టీచరు ట్రైనింగు, నర్సు ట్రైనింగు. కుట్టుమిషను మూడోది. (మగపిల్లలకి కానిస్టేబులు, డ్రైవరు.) గిరిజన అమ్మాయి ఏం కాగలదో అని మన సంక్షేమ శాఖల ఊహ అంతకు మించి సాగదు. కోర్సు అయ్యాక కొండ కింద పట్టణంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండేళ్ళు. అక్కడ ఆమె పేరు ఎవరూ పిలవలేదు, ‘అరకు పిల్ల’ అన్నారు. తర్వాత సొంత ప్రాంతంలో ఒక సబ్‌సెంటర్లో రెండో ఏఎన్ఎంగా కాంట్రాక్టు. ఎనిమిదేళ్ళు.

సబ్‌సెంటరంటే ఏమిటో నగరాల్లో ఉన్న మనకి తెలియాలి. మైదానంలో అయిదు వేల మందికొకటి, కొండ ప్రాంతాల్లో మూడు వేల మందికొకటి అని లెక్క. మూడు వేలంటే తక్కువ కదా అనిపిస్తుంది. ఆ మూడు వేల మంది ఒక వీధిలో ఉండరు. ఇరవై ఇళ్ళు ఈ కొండ మీద, పదిహేనిళ్ళు ఆ వాగు అవతల. మధ్యలో కాలిబాట. టీకాల డబ్బా భుజాన వేసుకుని, మంచుగడ్డలు కరిగేలోగా చేరుకోవాలి. అందుకే తెలివైన ఏఎన్ఎంలు సంత రోజు చూసుకుంటారు. ఊళ్ళన్నీ తిరిగి వెతికే బదులు సంతకి వచ్చిన తల్లుల్ని అక్కడే పట్టుకుంటారు. ఇది ఏ శిక్షణలోనూ చెప్పిన సంగతి కాదు. ఏళ్ళ తరబడి నడిచి వాళ్ళే కనిపెట్టుకున్నది.

ఈ ఉద్యోగానికి పేరు ఎలా మారిందో కూడా చెప్పుకోవాలి. మొదట్లో వీళ్ళు సహాయక నర్సులు, మంత్రసానులు. పురుడు పొయ్యటం, తల్లీబిడ్డల్ని చూడటం పని. 1973లో కర్తార్ సింగ్ కమిటీ వచ్చి ఇన్ని రకాల కార్యకర్తలెందుకు, ఒక్కళ్ళే అన్నీ చేస్తే పోలేదా అంది. అక్కణ్ణుంచి ‘మల్టీపర్పస్’ అయ్యారు. తెలుగులో బహుళార్థ సాధక అంటే మనకి నాగార్జునసాగర్ గుర్తొస్తుంది. కరెంటూ ఇవ్వాలి, నీళ్ళూ ఇవ్వాలి, వరదా ఆపాలి. ఒక ఆడమనిషిని అలాంటి ఆనకట్టగా మార్చిన ఘనత మన ఆరోగ్య శాఖది. మలేరియా రక్తపు పూతలు తీయాలి, టీకాలు వెయ్యాలి, గర్భిణుల్ని నమోదు చెయ్యాలి, కుటుంబ నియంత్రణ కేసులు తేవాలి. టార్గెట్లు ఉండవని కేంద్రం 1996లో ప్రకటించింది. మరుసటి ఏడాది మన రాష్ట్రం జనాభా విధానం ప్రకటించింది. పైన టార్గెట్ అనే మాట పోయింది, కింద ఏఎన్ఎంని నెలనెలా మీటింగులో నిలబెట్టి ‘ఎన్ని?’ అని అడగటం పోలేదు.

రిజిస్టర్లకి తోడు ట్యాబులొచ్చాయి. వివరాలన్నీ ఆన్‌లైన్లో ఎక్కించాలి. సిగ్నలు లేదు. రోజంతా కొండ దిగి ఎక్కిన మనిషి, సాయంత్రం మళ్ళీ సిగ్నలు వచ్చే గుట్ట ఎక్కి, చీకట్లో నిలబడి, పొద్దున్న చూసిన గర్భిణి బరువూ బీపీ ఎక్కించాలి. ఎక్కించకపోతే ఆమె ఆ రోజు పని చెయ్యనట్టే లెక్క. బిడ్డకి టీకా పడిందా లేదా అన్నది రెండో విషయం!

ఇంకో పని ఉంది. అది ఏ జాబ్ చార్టులోనూ రాసి ఉండదు. భాష. ఆ ప్రాంతంలో కువి మాట్లాడేవాళ్ళున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళున్నారు, పోర్జా, గదబ మాట్లాడేవాళ్ళున్నారు. మైదానం నుంచి వచ్చిన డాక్టరుకి తెలుగు, ఇంగ్లీషు. డోలీలో మోసుకొచ్చిన మనిషి ఎక్కడ నొప్పి అంటోందో, ఎన్నో నెలో, ముందు కాన్పులో ఏమైందో డాక్టరుకి చెప్పేది ఎవరు? ఆమె. డాక్టరు చెప్పింది, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలన్నది, రక్తం ఎక్కించాలన్నది ఆ మనిషి భర్తకీ అత్తకీ భయం పుట్టకుండా చెప్పేది ఎవరు? ఆమే. ఐక్యరాజ్య సమితిలో ఈ పనికి వేరే ఉద్యోగముంది, దాని జీతం మన కలెక్టరు జీతం కంటే ఎక్కువ. ఇక్కడ దీనికి రూపాయి లేదు. ఎందుకంటే అది ‘వాళ్ళ భాషే కదా’.

ఒకప్పుడు ఈ కొండల్లో పురుళ్ళు పోసింది ఊళ్ళో పెద్ద ముసలమ్మలు. వాళ్ళ చేతుల్లోంచి పని తీసి శిక్షణ పొందిన పిల్లల చేతిలో పెట్టారు. 2005లో జననీ సురక్షా యోజన వచ్చాక ఇంట్లో కాన్పు నేరంలా అయింది, ఆసుపత్రికి పంపటమే ఏఎన్ఎం పని అయింది. తల్లుల ప్రాణాల కోసం అది అవసరమే, వాదించను. కానీ చూడండి, పురుడు పొయ్యగలిగిన మనిషి పురుడుకి పంపే మనిషిగా మారింది. రోడ్డు లేకపోయినా, అంబులెన్సు రాకపోయినా, వాగు పొంగినా, దారిలో డోలీలోనే బిడ్డ పుట్టినా సంజాయిషీ మాత్రం ఆమెదే. రోడ్డు వెయ్యని ఇంజనీరుకి మెమో ఇచ్చారని నేనెప్పుడూ వినలేదు.

డాక్టర్ల సంగతికొద్దాం. ఏజెన్సీలో పనిచేసిన ప్రభుత్వ డాక్టరుకి పీజీ సీట్లలో ఇన్‌సర్వీస్ కోటా ఉంది. గిరిజన ప్రాంతపు సర్వీసుకి విలువ ఎక్కువ. అంటే ‘రెండేళ్ళు కొండెక్కి రా, నిన్ను కొండ దింపే పూచీ మాది’ అని ప్రభుత్వమే చెప్తోంది. వెళ్ళిపోవటమే బహుమానం. అది తప్పని నేననను, చదువుకోవాలన్న కోరిక ఎవరికైనా ఉంటుంది. కానీ కాంట్రాక్టు ఏఎన్ఎంకి జీతంతో చదువుకునే సెలవేది? ఎనిమిదేళ్ళు కొండల్లో తిరిగినందుకు బీఎస్సీ నర్సింగ్‌లో ఆమెకో సీటు ఎవరు పట్టి ఉంచారు? ఈ మాట నేను కాదు, ఆమే అంది: ‘ఏటక్కా, డాక్టరుబాబు ఎల్లిపోతే పై సదువుకెల్లారంటారు. నానెల్లిపోతే జనాన్ని ఒగ్గేసి పోయిందంటారు.’

జనాన్ని వదిలేసి పోవటం! అరకు, పాడేరు ప్రాంతపు ఓటర్లు ఈ మధ్య చట్టసభలకి పంపిన ఆడవాళ్ళని చూడండి. 2014లో పాడేరు శాసనసభ్యురాలైన గిడ్డి ఈశ్వరి టీచరు. 2019లో అరకు ఎంపీ అయిన గొడ్డేటి మాధవి వ్యాయామ ఉపాధ్యాయురాలు. 2024లో ఎంపీ అయిన గుమ్మ తనుజారాణి డాక్టరు. ఏ పార్టీ అన్నది పక్కన పెడితే, గిరిజన స్త్రీలు ఆ స్థాయికి వెళ్ళారని మనమంతా సంతోషించాం. పిల్లల్ని వదిలేసి, రోగుల్ని వదిలేసి వెళ్ళారని ఎవరమైనా అన్నామా? అనలేదు, అనకూడదు కూడా. పైకి వెళ్తే ఎదుగుదల అంటాం. పక్కకి వెళ్తే మాత్రం పారిపోవటం అంటాం.

నర్సు విషయంలో మనకున్న ఈ దురుసుతనానికి పాత వేర్లున్నాయి. తెలుగునాట నర్సింగ్ మిషన్ ఆసుపత్రుల్లో మొదలైంది. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరులో కట్టిన ఆసుపత్రి లాంటి చోట్ల చేరిన అమ్మాయిల్లో దళిత క్రైస్తవ కుటుంబాల వాళ్ళు చాలామంది. మలం, రక్తం, చీము, పరాయి మగవాడి ఒళ్ళు తాకే పని. అగ్రకులాల ఇళ్ళు ఆ పనికి తమ ఆడపిల్లల్ని పంపలేదు. చాలాకాలం పంపలేదు. పంపకపోగా, చేసినవాళ్ళని నైట్ డ్యూటీల పేరు చెప్పి సంబంధాలకి పనికిరారన్నాయి. తర్వాత ఆ పనికే ‘దేవత’ అని బిరుదిచ్చాయి. మన కథల్లో, సినిమాల్లో నర్సుకి ఉన్నవి రెండే వేషాలు, తెల్లచీర దేవత, లేకపోతే డాక్టరు వెంటపడే మనిషి. నర్సుకి అద్దె ఎంత, అప్పెంత, యూనియన్ ఉందా అని అడిగిన కథలు ఎన్ని చెప్పగలం? స్త్రీవాదులం ఇంటిపని మీద ఎంత రాశాం! వంటకి జీతం ఏదని అడిగాం. బయట ఆసుపత్రిలో అదే ఇంటిపని, అదే ‘అమ్మతనం’ జీతం తక్కువకి అమ్ముడుపోతుంటే మన కలాలు మే 12 వ్యాసాల్లోకి జారిపోయాయి.

దేవతలకి ఎంత ఇస్తారో చూడండి. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016 జనవరిలో స్పందిస్తే కేంద్రం కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు చోట కూడా 20,000 తగ్గకూడదని ఆ కమిటీ చెప్పింది. అమలు చెయ్యటం రాష్ట్రాల వంతు అన్నారు. కొండ కింద పట్టణాల్లో చిన్న నర్సింగ్ హోముల్లో పనిచేస్తున్న గిరిజన అమ్మాయిల్ని ఒక్కసారి అడగండి, ఆ 20,000 మాట విన్నారా అని. కొన్ని నెలల శిక్షణ ఇచ్చి ‘హోమ్ నర్సు’ పేరుతో ఇళ్ళకి పంపే పిల్లల సంగతయితే ఇంకా ఘోరం. ముసలాయన డైపరూ ఆమే మార్చాలి, అంట్లూ ఆమే తోమాలి.

2020 మే 3న ఆసుపత్రుల మీద హెలికాప్టర్లతో పూలు చల్లారు గుర్తుందా? 2021 జులైలో తెలంగాణలో కొవిడ్ వార్డుల్లో పనిచేసిన 1,600 మందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సుల్ని తీసేశారు. వాళ్ళు హైదరాబాదులో రోడ్డెక్కారు. పోలీసులొచ్చారు. ఈసారి పూలు చల్లలేదు. వాళ్ళు సేవని వదిలెయ్యలేదు, సేవే వాళ్ళని వదిలేసింది. ప్రభుత్వం ఎప్పుడు కావాలంటే అప్పుడు పొమ్మనొచ్చు, నర్సు మాత్రం తనంతట తాను పోకూడదా?

ఇప్పుడు ఆ మంచి ప్రశ్నకొస్తాను. స్థానిక గిరిజన నర్సులు కూడా వెళ్ళిపోతే ఆ కొండల్లో తల్లుల గతేమిటి? తప్పించుకోను. నష్టం ఉంది. ఆమె మానేశాక ఆ ఊళ్ళలో కొన్నాళ్ళు ఎవరూ లేరు. తర్వాత వచ్చినామెకి భాష రాదు. ఏ గర్భిణి ఏ ఇంట్లో ఉందో, ఎవరికి రక్తం తక్కువో, ఎవరింట్లో మొగుడు తాగి కొడతాడో ఎనిమిదేళ్ళలో ఆమె తలలో చేరిన సమాచారం ఏ ట్యాబులోనూ లేదు. అది ఆమెతోనే పోయింది. దీని ఖరీదు ప్రాణాల్లో ఉండొచ్చు. అయితే అంత ఖరీదైన మనిషిని ఎనిమిదేళ్ళు ఏడాదికోసారి రెన్యువల్ కాగితం కోసం తిప్పినవాళ్ళని ఏమనాలి? వెళ్ళిపోతే జనం చచ్చిపోతారని తెలిసిన మనిషిని ఉంచుకోవటానికి లోకంలో ఎక్కడైనా చేసే పని ఒకటే. పర్మనెంటు చేస్తారు, ఉండటానికి తలుపు గడియ పడే క్వార్టరిస్తారు, పై మెట్టు చూపిస్తారు. ఇవేవీ చెయ్యకుండా ఆమె జాలిగుండెని తాకట్టు పెట్టుకుని పని చేయించుకోవటం వెట్టి. మన్యంలో వెట్టి అనే మాట అల్లూరి సీతారామరాజు నాటికే అందరికీ తెలుసు. రోడ్డు పనికి మగవాళ్ళని ఊరికే పిలిస్తే దాన్ని వెట్టి అనటానికి మనకి సందేహం లేదు. ఆయన పేరు మీద 2022లో ఏర్పడిన జిల్లాలో ఆడవాళ్ళని ‘సేవ’కి పిలిస్తే వేరే పేరెందుకు?

2019లో గ్రామ సచివాలయాలొచ్చినప్పుడు ఏఎన్ఎం గ్రేడ్-3 పోస్టులు తీశారు. కొందరికి దారి దొరికింది, మంచిదే. ఆమెకి పరీక్షలో రాలేదు. నిజానికి అప్పటికే ఆమె మనసు చదువు మీదకి వెళ్ళింది. దూరవిద్యలో డిగ్రీ చేసింది, బీఈడీ చేసింది. ఎందుకు టీచరు ఉద్యోగమే అంటే ఆమె చెప్పిన కారణం నాకు చాలా నచ్చింది: ‘పిల్లలు నాకాడికి రోగమొస్తే గానీ రారు. రోగం లేని పిల్లల్ని చూడాలనుంది.’ దీనికి ఏ సిద్ధాంతం ఎందుకు? ఒక మనిషికి ఒక పని చాలనిపించింది. ఇంకొకటి చెయ్యాలనిపించింది. మగవాళ్ళకి ఇది జీవిత చరిత్రలో ఒక అధ్యాయం.

కానీ అక్కడా నేల గట్టిగా లేదు. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3, 2000 జనవరిలో వచ్చింది. ఎంతమంది గిరిజన ఆడపిల్లల్ని ఆ ఒక్క కాగితం బీఈడీ దాకా నడిపించిందో లెక్క కట్టలేం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషను రాజ్యాంగానికి విరుద్ధమంది. ఆ తీర్పు మీద ఆదివాసీ సంఘాలు మాట్లాడాయి, ఇంకా మాట్లాడుతున్నాయి. మనం తక్కువ మాట్లాడాం. రిజర్వేషను విషయమనుకున్నాం. ఒక నర్సు నర్సుగా మిగలక తప్పదా అన్న విషయం కూడా అందులో ఉందని మనకి తట్టలేదు.

చివరికి ఒక ఆశ్రమ పాఠశాలలో సీఆర్‌టీగా చేరింది. సీఆర్‌టీ అంటే కాంట్రాక్టు టీచరు. కాంట్రాక్టు నుంచి కాంట్రాక్టుకి.

ఆశ్రమ పాఠశాలల్లో ఏఎన్ఎంని పెట్టండని గిరిజన విద్యార్థి సంఘాలు ఏళ్ళుగా అడుగుతున్నాయి. వందలమంది పిల్లలు ఒకచోట పడుకుంటారు, తింటారు, ఒకే నీళ్ళు తాగుతారు. 2025 అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాంలో గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు ప్రబలి ఆడపిల్లలు గుంపులుగా ఆసుపత్రుల పాలయ్యారు, ఆ పేరు పేపర్లలో అందరం చదివాం. ఆమె ఉన్న బడిలోనూ నర్సు లేదు. పాత సంగతి తెలుసు కాబట్టి రాత్రి ఏ పిల్లకి జ్వరమొచ్చినా ఆమె గది తలుపే కొడతారు. ఆమె లేస్తుంది. తడిగుడ్డ వేస్తుంది, రక్తపు పరీక్షకి పొద్దున్నే పంపిస్తుంది, కళ్ళు పచ్చబడ్డాయేమో చూస్తుంది. పొద్దున్న తొమ్మిదింటికి లెక్కలు చెప్తుంది.

రెండు పనులు ఒక జీతానికి చెయ్యనని ఆమె ఈమధ్య కాగితం రాసింది. తనకి డబ్బు అడగలేదు, బడికి నర్సు పోస్టు అడిగింది. పిల్లల సంఖ్య, ఏడాదిలో వచ్చిన జ్వరాలు, ఏ రాత్రి ఎవరిని ఎన్ని గంటలకి ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ, అన్నీ పట్టిక వేసి మరీ ఇచ్చింది. ఎవరికిచ్చిందో ఇక్కడ రాయను, ఆమె ఉద్యోగం ఏడాదికోసారి రెన్యువలవ్వాలి. వాళ్ళు కాగితం చదివారట, పట్టిక బాగుందన్నారట, ‘మీరున్నారు కదా సిస్టర్’ అన్నారట.

జూన్‌లో బళ్ళు తెరవగానే మళ్ళీ ఇస్తానంటోంది. ఈసారి తల్లిదండ్రుల సంతకాలతో.